చలం మొదట అడిగింది

చలం 'స్త్రీ' పుస్తకం ప్రస్తావన ఏ సభలో వచ్చినా అందులోని ఒక చిన్న పేరా మనకి గుర్తొస్తుంది. స్త్రీకి ఏమేం కావాలో ఆయన మూడు ముక్కల్లో తేల్చిన పేరా. కాలేజీ మ్యాగజైన్ల దగ్గర్నుంచి మార్చి 8 కరపత్రాల దాకా అది అచ్చు కాని చోటు లేదు. ఆ మూడింటిలో మెదడుకి కావలసిన జ్ఞానం మీద మనం చాలా రాశాం. హృదయానికి కావలసిన అనుభవం మీద ఇంకా ఎక్కువ రాశాం, పోట్లాడుకున్నాం కూడా. అయితే చలం వరసలో ముందున్నవి అవి రెండూ కావు. ముందున్నది శరీరం. దానికోసం ఆయన అడిగింది వ్యాయామం.

నేను పిహెచ్.డి. చేసింది స్త్రీవాద కవిత్వంలో శరీరం మీదే. సిద్ధాంత గ్రంథంలో ఆ పేరాని మూడుచోట్ల ప్రస్తావించాను. మొన్న తీసి చూసుకుంటే వ్యాయామం అన్న మాట మీద ఎక్కడా ఒక్క వాక్యం లేదు. శరీరం అంటే నాకప్పుడు లైంగికత, ప్రసవం, పైట, హింస. మోకాళ్ళ నొప్పీ, రక్తంలో చక్కెరా, మెట్లెక్కితే వచ్చే ఆయాసమూ నేను రాసిన శరీరంలో లేవు. చిన్న వయసులో రాసింది కదా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ అది పూర్తి నిజం కాదు. వ్యాయామం అంటే డాక్టర్ల మాట, జిమ్ముల మాట, సన్నబడమని ఆడవాళ్ళ వెంటపడే పత్రికల మాట అని నాకొక చులకన వుండేది. మనలో చాలామందికి వుందనే నా అనుమానం.

రెండేళ్ళ క్రితం మా అమ్మకి షుగరు అని తేలింది. బీపీ అంతకుముందే వుంది. చూపించిన చోట (పేరు అనవసరం) ఇచ్చిన కాగితంలో మందుల జాబితా కింద రోజూ అరగంట వేగంగా నడవమని ఒక వాక్యం అచ్చేసి వుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాం. నడుస్తున్నారా అని అడిగారు. అమ్మ నేల చూపులు చూసింది. చెప్పినట్టు చెయ్యని పేషెంటు అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి ఆ కాగితం మీద పడింది. తిరిగి వస్తూ ఆటోలో నేను కూడా కోప్పడ్డాను. "అరగంట నడవడానికి ఏమొచ్చిందమ్మా నీకు?" అమ్మ జవాబు చెప్పలేదు. ఆ జవాబు నాకు తెలియడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనక, ఆ వాక్యాన్ని ఒక వాక్యంగా చదవాలనిపించింది. విధ్యర్థకం. కర్త లేదు. ఎవరు నడవాలో చెప్పనక్కర్లేదు, చదివే మనిషే అని దాని భావం. కానీ ఆ చదివే మనిషి ఎవరు? రోజులో ఒక అరగంట తనదై వున్న మనిషి. ఆ అరగంటా ఇల్లు ఎవరి చేతుల్లోనో పెట్టి గడప దాటగలిగిన మనిషి. బయట ఎవరి చూపులకీ జడవనక్కర్లేని మనిషి. తర్వాత వేరువేరు ఆసుపత్రుల వెయిటింగ్ హాళ్ళలో దొరికిన కరపత్రాలు పోగుచేశాను. నడక బొమ్మ వున్నవాటిలో ఎక్కువ భాగం బూట్లు వేసుకున్న పెద్దమనిషివే. స్త్రీ బొమ్మ వుంటే కూరగాయల పళ్ళెంతో వుంది.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ వాక్యం అబద్ధం కాదు. వ్యాయామం ఆరోగ్యం కాపాడుకునేందుకే కాదు, జబ్బు వచ్చాక వైద్యంగా కూడా పనిచేస్తుంది. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజుని లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులపాటు ఇన్సులిన్‌కి అది మెరుగ్గా స్పందిస్తుంది. షుగరు వున్నవాళ్ళు వరసగా రెండురోజులకి మించి వ్యాయామం మానొద్దని చెప్పేది ఇందుకే. అమెరికాలో 3,234 మందితో చేసి 2002లో ప్రచురించిన మధుమేహ నివారణ అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల నడకా కొంత బరువు తగ్గడమూ కలిసి, మధుమేహం వచ్చే అవకాశాన్ని 58 శాతం తగ్గించాయి. మెట్‌ఫార్మిన్ బిళ్ళ తగ్గించింది 31 శాతం. అందులో మూడింట రెండు వంతులు స్త్రీలే. 2025లో వచ్చిన మరో అధ్యయనంలో పెద్దపేగు కాన్సరుకి చికిత్స అయ్యాక మూడేళ్ళపాటు క్రమంగా వ్యాయామం చేయించిన వాళ్ళలో జబ్బు తిరగబెట్టడమూ మరణాలూ తగ్గాయి. ఇలాంటిదాన్ని పితృస్వామ్య వైద్యం అని తోసేస్తే నష్టపోయేది మనమే. కాబట్టి నా పేచీ వ్యాయామంతో కాదు. అది ఎవరి శరీరాన్ని ఊహించుకుని తయారైంది, ఎవరి చేతికి అందుతోంది అన్నదానితో.

ఈ శాస్త్రం మొదలైన తీరే చూడండి. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సుల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. డబుల్ డెక్కర్ బస్సులో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు వందల మెట్లు ఎక్కుతూ దిగుతూ వుంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, దాదాపు ఒకే వర్గం. అయినా డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ. శరీర శ్రమకీ గుండెకీ సంబంధం వుందని లెక్కలతో చూపించిన తొలి పెద్ద అధ్యయనం అది. చదవడానికి నవలలా వుంటుంది. డ్రైవర్ల యూనిఫారాల నడుం కొలతలు కూడా తీసి, 1956లో దాని మీద ఇంకో పత్రం రాశారు! యుద్ధకాలం నుంచీ లండన్ బస్సుల్లో స్త్రీలు కండక్టర్లుగా టికెట్లు కొడుతూనే వున్నారు. అధ్యయనంలో మాత్రం పురుషులే. ఆ కాలంలో గుండెపోటు మగవాళ్ళ జబ్బు. (మన ఆర్టీసీ బస్సుల్లో పనిచేసే స్త్రీ కండక్టర్లు గుర్తొస్తారు. డ్యూటీలో మూత్రానికి వెళ్ళే చోటు లేక నీళ్ళు తాగడం మానేసే స్త్రీలు. వాళ్ళ మీద అలాంటి నవల ఎవరు రాస్తారు?)

శ్రమని కొలిచే కొలబద్ద సంగతి ఇంకా తమాషాగా వుంటుంది. శరీరం ఒక పనికి ఎంత శక్తి ఖర్చు పెడుతుందో 'మెట్' అనే ప్రమాణంలో చెప్తారు. ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు ఒక మెట్. ఆ ఒకటి ఎంత అన్నదానికి ఆధారం 70 కిలోల బరువున్న, 40 ఏళ్ళ వయసున్న పురుషుడు. మూడు దాటితే మధ్యరకం శ్రమ, ఆరు దాటితే తీవ్రమైన శ్రమ. వంట లాంటి ఇంటిపనులు చాలావరకు మూడుకి లోపు పడతాయి. నేల మోకాళ్ళ మీద కూర్చుని రుద్ది కడిగితే దాటుతుంది.

ఇక ప్రశ్నాపత్రాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల్లో వాడే ప్రశ్నావళిలో ఇంటిపనిని కూడా పని కిందే లెక్కపెట్టమంటారు. ఇది మెచ్చుకోవలసిన విషయం, మన జనాభా లెక్కలకి చాలాకాలం లేని ఇంగితం. కానీ అందులో ఒక షరతు వుంది. ఊపిరి వేగం పెరిగేలా, ఆపకుండా కనీసం పది నిమిషాలు చేసిన పనే లెక్కకొస్తుంది. ఆపకుండా పది నిమిషాలు! కుక్కరు కూత, కాలింగ్ బెల్లు, పిల్లాడి టవలు, అత్తగారి మందు, పాలవాడు. రోజంతా ముక్కలు ముక్కలుగా నడిచే మనిషి ఆ ప్రశ్నకి ఏం చెప్పాలి? వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీ రచయితకి సొంతగది అడిగినప్పుడు చెప్పిన కష్టాల్లో ఇదొకటి, ఆడదాని పనికి ఎప్పుడూ అంతరాయమే. నవలకి వచ్చిన చిక్కే నడకకీ వచ్చింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త మార్గదర్శకాల్లో ఆ పది నిమిషాల నియమం తీసేసింది. ఎన్ని నిమిషాల ముక్క అయినా లెక్కే, వారం మొత్తం మీద 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమా, రెండురోజులు కండరాలకి బలం ఇచ్చే వ్యాయామమూ వుండాలి అంది. మా అమ్మ కాగితం మీదికి ఆ మార్పు ఇంకా చేరలేదు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం 2022లో మనదేశంలో చాలినంత శారీరక శ్రమ లేని స్త్రీలు 57 శాతం, పురుషులు 42 శాతం. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, అది చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తారు, చేసే పురుషులు 88 నిమిషాలు. అంటే మన దేశపు స్త్రీ దాదాపు అయిదు గంటలు పని చేస్తుంది, అయినా కదలని మనిషి. మొదటిసారి చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇది లెక్కల్లో మోసం అనుకున్నాను. తర్వాత ఇంకా బాధ కలిగించే సంగతి అర్థమైంది. రెండు అంకెలూ నిజమే. ఆ అయిదు గంటలూ నడుం విరిచే పనే గానీ గుండెకి అందే పని కాదు. నిలబడటం, వంగడం, ఎత్తడం, మళ్ళీ నిలబడటం. అలసట మిగులుతుంది, బలం రాదు.

ఇక్కడ మనవైపు నుంచి వచ్చే ఒక వాదన గురించి మాట్లాడాలి. "ఆడవాళ్ళకి వేరే వ్యాయామం ఎందుకు, ఇంటిపనే పెద్ద వ్యాయామం" అని. సరిగ్గా ఈ మాటే మగవాళ్ళూ అంటారు. మనం శ్రమకి గుర్తింపు కోసం అంటే, వాళ్ళు శ్రమ కొనసాగడం కోసం అంటారు. దాని చుట్టమే ఇంకోటి వుంది, పాతరోజుల మీద మోజు. మా నాయనమ్మ తిరగలి విసిరేది, రోకలి వేసేది, బావిలో నీళ్ళు తోడేది, ఆమెకి షుగరెక్కడిది, ఇప్పటి మిక్సీల ఆడవాళ్ళకే ఈ రోగాలు అంటారు. ఆ నాయనమ్మల మోకాళ్ళు ఎలా వుండేవో, గర్భసంచి జారి గోచీగుడ్డతో తిరిగినవాళ్ళు ఎందరో ఆ మాటల్లో వుండదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న, సహచరులతో కలిసి తక్కువ ఆదాయపు స్త్రీల ఎముకల మీద చేసిన పరిశోధన 2005లో వచ్చింది. ఇంటా బయటా శ్రమచేసే ఆ స్త్రీల ఎముకలు బలంగా వుండాలి కదా, మిక్సీవాదుల లెక్క ప్రకారం? లేవు. తిండి సరిగా లేని ఒంట్లో శ్రమ ఎముకగా మారదు.

2021లో డెన్మార్కు నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఈ చిక్కుముడికి పేరు పెట్టేంత పని చేసింది. కోపెన్‌హేగన్ ప్రాంతంలో లక్షకి పైగా మందిని సుమారు పదేళ్ళు గమనించారు. తీరిక వేళల్లో కదిలేవాళ్ళకి గుండెజబ్బులూ మరణాలూ తక్కువ. ఉద్యోగంలో భాగంగా బాగా బరువైన పని చేసేవాళ్ళకి, తేలికపని వాళ్ళకంటే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం ఎక్కువ. పొగతాగడం, చదువు, ఆదాయం లాంటివాటి తేడాలు లెక్కలోకి తీసుకున్నాకే ఈ మాట. ఎందుకు ఇలా అన్నదాని మీద చర్చ ఇంకా నడుస్తోంది. చెప్పే కారణాల్లో ముఖ్యమైనవి, పనిలో శ్రమ గంటలకొద్దీ సాగుతుంది, కోలుకునే విరామం వుండదు, వేగం మన చేతుల్లో వుండదు అనేవి. శరీరం ఒకటే, మెట్లు అవే. ఎక్కేది ఎవరి ఇష్టం మీద, ఎక్కాక కూర్చోగలమా లేదా అన్నదాన్ని బట్టి అదే కదలిక మందవుతుంది, జబ్బవుతుంది. దీన్ని నేను ఏ స్త్రీవాద సిద్ధాంత గ్రంథంలోనూ చదవలేదు, గుండెజబ్బుల పత్రికలో చదివాను.

మిరప కోతల్లో రోజంతా నడుం వంచి తిరిగే కూలీ స్త్రీకి, నాలుగిళ్ళలో అంట్లు తోమి అయిదో ఇంటికి నడిచి వెళ్ళే మా పనామెకి, మా అమ్మకి, నాకు, ఒకే కాగితం ఇస్తున్నారు. మా పనామెకి కూడా షుగరు వుంది. ఆమెకీ నడవమనే చెప్పారట. "నడుస్తానే వున్నా కదమ్మా, ఇంకెక్కడికి నడవాలా?" అని నన్ను అడిగింది. ఆమెకి రాయాల్సిన మందు బహుశా కూర్చోవడం. వారానికి ఒకరోజు సెలవు, అదీ జీతంతో. ఈ మందు రాయాల్సింది డాక్టరు కాదు, నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమెకి నేనిచ్చే సెలవు నెలకి రెండే.

మన కథలు ఈ సంగతి ఎప్పుడో చెప్పాయి, మనం ఇలా చదవలేదు అంతే. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలుకుతూ అలుకుతూ ఒకామె తన పేరు మర్చిపోతుంది. నేను దాన్ని అస్తిత్వం కథగానే పాఠం చెప్పాను. ఇప్పుడు చదివితే కదలిక మీద కథ. ఒళ్ళు వంగి చేసే పని మనిషిని చెరిపేస్తుంది, అదే ఒళ్ళు ఇల్లు దాటి పేరు వెతుక్కుంటూ బయల్దేరినప్పుడు మనిషి తిరిగొస్తుంది. రెండూ శారీరక శ్రమే! అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు'లో కుండీలో కత్తిరించి పెంచిన చెట్టు స్త్రీ జీవితానికి పోలిక అని పిల్లలు పరీక్షల్లో రాసేస్తారు. అది పోలిక మాత్రమేనా? ఆరుబయట పెరగనివ్వని, పరిగెత్తనివ్వని ఆడపిల్ల ఎముక, కండ, ఊపిరితిత్తి నిజంగానే చిన్నవిగా వుండిపోవచ్చు. ఎముకలో బలం నిల్వ చేరేది ముఖ్యంగా పాతికా ముప్ఫై ఏళ్ళ లోపే. పెద్దమనిషయ్యాక ఆటలు మాన్పించడం ఆ నిల్వని మాన్పించడం. ఆమెదే 'సుఖాంతం' కథలో స్త్రీకి జీవితమంతా కరువైంది కంటినిండా నిద్ర. డెన్మార్కు వాళ్ళు కోలుకునే విరామం అంటున్నది దాన్నే. అలంకారాలుగా చదివి పక్కన పెట్టిన ఈ కథల్లో చాలావాటిని ఇప్పుడు అక్షరాలా చదవాలనిపిస్తోంది నాకు. విమర్శకురాలిగా ఇది నాకు కొంచెం సిగ్గుగా కూడా వుంది, మాకు నేర్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

మన దేశపు పరిశోధనల దగ్గరికి వద్దాం. మధుమేహం రాబోయే దశలో వున్నవాళ్ళ మీద చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. విలువైన పని. మామూలుగా వదిలేసిన వాళ్ళలో మూడేళ్ళకి 55 శాతం మందికి మధుమేహం వస్తే, నడకా తిండీ మార్చుకున్నవాళ్ళలో 39 శాతానికే వచ్చింది. భారతీయులకీ ఈ పద్ధతి పనిచేస్తుందని నిలబెట్టింది ఇదే. అందులో చేరిన 531 మందిలో స్త్రీలు 110. ఆ బృందమే 2013లో ఇంకో అధ్యయనం ప్రచురించింది. సెల్‌ఫోనుకి సందేశాలు పంపి వ్యాయామం, తిండి గుర్తుచేయడం. రెండేళ్ళలో మధుమేహం వచ్చే అవకాశం 36 శాతం తగ్గింది. 537 మంది. అందరూ ఉద్యోగాలు చేసే పురుషులు. పరిశోధకులు దాచలేదు, పత్రం పేరులోనే పురుషుల్లో అని వుంది. ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో ఒకేచోట దొరికేది వాళ్ళే కాబట్టి అలా జరిగి వుంటుంది. దురుద్దేశం వెతకనక్కర్లేదు. కానీ ఆ 36 శాతం పేపర్ల ఆరోగ్యం పేజీకి వచ్చేసరికి 'మనుషులకి' అయిపోతుంది. మనకి బాగా అలవాటైన వ్యాకరణమే కదా ఇది.

అమ్మ జవాబు సంగతి.

గత సంక్రాంతికి అక్కావాళ్ళు వచ్చారు. పిల్లలు డాబా మీద గాలిపటాలు ఎగరేస్తుంటే అమ్మని పైకి లాక్కెళ్ళారు. పది నిమిషాల్లో దిగి వచ్చేసి బాత్రూంలోకి వెళ్ళింది. వచ్చాక చీర మార్చుకుని వుంది. నేను చూస్తే చాలా మామూలుగా అంది, "దగ్గినా తుమ్మినా తడుస్తుందే. జోరుగా నాలుగడుగులేస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆ పార్కులో ఎక్కడికి పోను?" ఎప్పట్నుంచి అని అడిగాను. నువ్వు పుట్టినప్పట్నుంచి అంది. అంటే నా వయసంత. నవ్వింది కూడా.

శరీరం మీద నాలుగువందల పేజీలు రాసినదాన్ని. ప్రసవం మీద కవితలు విశ్లేషించాను. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' మీద ఒక అధ్యాయంలో సగం. ఆ గది లోంచి బయటికొచ్చాక, తర్వాతి ముప్ఫై ఏళ్ళూ ఆ శరీరం ఏమైందో నేను మా ఇంట్లోనే అడగలేదు. డాక్టరు అడగలేదని కోప్పడే హక్కు నాకేముంది!

మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి ఊయలలా మోసే కండరాలుంటాయి. ప్రసవాలతో, బరువుతో, ముట్లుడిగాక అవి వదులవుతాయి. వాటికి వ్యాయామం వుంది. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. మూత్రం ఆపుకున్నట్టు ఆ కండరాలని బిగబట్టి, కొన్ని సెకన్లు వుంచి వదలాలి. పొట్టా తొడలూ బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఎనిమిదిసార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. బ్రిటన్‌లో మొదట చెప్పే చికిత్స ఇదే. 2018లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, అనేక అధ్యయనాల ఫలితాలు కలిపి చూసి, దగ్గితే తుమ్మితే తడిసే రకం ఇబ్బంది వున్న స్త్రీలలో ఈ వ్యాయామం చేసినవాళ్ళలో 56 శాతం మంది నయమైందని చెప్పారనీ, చెయ్యనివాళ్ళలో 6 శాతమే అలా చెప్పారనీ తేల్చింది. మందులు లేవు, ఖర్చు లేదు. నేను పోగేసిన కరపత్రాల్లో ఒక్కదాంట్లోనూ ఈ మాట లేదు. నడవమంటారు, నడవనివ్వని దాని గురించి మాట్లాడరు. మోకాళ్ళు అరిగినవాళ్ళకీ అంతే. తొడ ముందు కండరానికి బలం ఇచ్చే వ్యాయామం ముందు నేర్పితే నొప్పి తగ్గి నడవగలుగుతారు. ముందు నడవమనేసి, నొప్పి ఎక్కువైతే మానేశారని రాసుకుంటారు.

ఇంకో సంగతి మన రాష్ట్రాలకి బాగా సంబంధించింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. దేశం మొత్తం మీద 3 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అలాంటి స్త్రీలకి బరువులెత్తే వ్యాయామం, కండరాలకి బలం ఇచ్చే వ్యాయామం అందరికంటే ముందు కావాలి. బరువులెత్తే ఆడవాళ్ళని చూసి నవ్వే సమాజంలో ఎవరు చెప్తారు? కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చినప్పుడు మనం గర్వపడ్డాం. ఆ విద్యలో పిసరంత మన తల్లులకి అవసరమని మాత్రం ఎవరికీ తట్టలేదు.

1991లో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు ఆ పుస్తకం పేరులోనే ఒక పద్ధతి వుంది. ఆజ్ఞతో కాదు, సందేహంతో మొదలుపెట్టడం. ఆ తర్వాత 2004లో వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ ఇంగ్లీషులో తెచ్చిన స్త్రీల ఆరోగ్య గ్రంథం కూడా ఆ తోవలోదే. ఆ తోవ ఇవాళ ఎందుకు సన్నబడిందో నాకు పూర్తిగా అర్థం కావడం లేదు. మనం విశ్వవిద్యాలయాల్లోకి వెళ్ళాం, శరీరం 'పాఠ్యం' అయింది, అది ఒక కారణం కావచ్చు. నేను ఆ కారణంలో భాగాన్ని.

చలం దగ్గర నాకు ఒక పేచీ మిగిలింది. ఆ పేరాలో ఆయన వాడిన క్రియ ఇవ్వడం. స్త్రీ శరీరానికి వ్యాయామం ఎవరో ఇవ్వాలి. ఇచ్చేవాడు మగవాడే కదా అని మా సెమినార్లలో చాలాసార్లు విమర్శించాం. ఇప్పుడు ఆ మాట నన్ను అంతగా ఇబ్బంది పెట్టడం లేదు. పార్కులో స్త్రీలకి శుభ్రమైన మరుగుదొడ్డి ఎవరో ఇవ్వాలి. వీధి దీపం ఎవరో వెయ్యాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ కండరాల వ్యాయామం నేర్పే మనిషిని ఎవరో పెట్టాలి. పనామెకి సెలవు నేనివ్వాలి. ఇవన్నీ నీ క్రమశిక్షణతో నువ్వే తెచ్చుకో అని స్త్రీ చేతికి కాగితం ఇవ్వడం కన్నా చలం క్రియ నయం.

అమ్మకి ఫిజియోథెరపీ తెలిసిన ఒకావిడ దగ్గర నేర్పించాం. మొదటి రెండు వారాలు కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ వంటింట్లోనే చేసేది. "స్టవ్ దగ్గర వద్దమ్మా, కూర్చుని చెయ్" అంటే, "కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారే" అంది. నాలుగు నెలలైంది. దగ్గు దగ్గరే ఇంకా కొంచెం ఇబ్బంది వుందిట. సాయంత్రం అయిదున్నరకి పక్కింటి వదినగారితో కలిసి కాలవగట్టు దాకా వెళ్ళొస్తోంది. ఎంతసేపు అని నేను అడగడం మానేశాను. ఆ టైములో పాలు కాచే పని నాన్నకి పడింది. మొన్న మాడబెట్టాడు. ఫోనులో చెప్తూ అమ్మ, "గిన్నె నానబెట్టి వుంచారు, నేనొచ్చి తోముతానని" అంది. తోమావా అన్నాను. "ఇంకా లేదు," అంది.